ఆకు నీది, తంబాకు నాది

మా గల్లీలో ఏ ఆడమనిషి కడుపుతో ఉందో ఆమె నోరు విప్పకముందే చాట చెబుతుంది. బీడీలు చుట్టేటప్పుడు చాటను ఒళ్ళో పొట్టకు ఆనించి పెట్టుకుంటాం. నెల తప్పిన మనిషికి తంబాకు ఘాటు పడదు. చాటను కొంచెం కొంచెంగా మోకాళ్ళ వైపు జరుపుకుంటుంది. తర్వాతి నెలల్లో పొట్టే దాన్ని జరుపుతుంది.

అట్లా జరిగిన చాట కంటపడితే పక్కవాళ్ళు చేయవలసిన పని ఒకటి ఉంది. కార్ఖానా నుంచి తెచ్చిన తంబాకును జల్లించి దుమ్ము తీయాలి. ఆ దుమ్ము కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదు. అందుకని పక్కన కూర్చున్నామె జల్లెడ తన చేతిలోకి తీసుకుని, "ఆకు నీది, తంబాకు నాది" అంటుంది. అప్పటి నుంచి కాన్పు దాకా ఆమె తంబాకు ఈమె జల్లిస్తుంది, ఈమె తునికాకు ఆమె కత్తిరించి ఇస్తుంది. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి షోలాపూర్‌కు కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే నేను దీన్ని నేర్చుకున్నాను. ఎంత మంచి పద్ధతి అనుకున్నాను.

నా పక్క గది చంద్రభాగక్కది. అశోక్ చౌక్ నుంచి మా గల్లీలోకి తిరిగితే మగ్గాల చప్పుడు మొదలవుతుంది, ఆ చప్పుడు ఆగేచోట మా రెండు గదులు. ఆమెకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ముగ్గురు ఆడపిల్లలు, పెద్దది శాంతకు పదమూడు. భర్త నరసయ్య పవర్‌లూమ్ మీద చద్దర్లు నేస్తాడు. అత్త మల్లమ్మ నలభై ఏళ్ళుగా బీడీలు చుట్టి చుట్టి నడుము వంగిన మనిషి.

నాకు మాటలు తక్కువ. చంద్రభాగక్కకు మాటే బలం. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి బాగా లేవని కొన్ని గుప్పెళ్ళు పక్కకు తోసేవాడు. వాటికి కూలి ఇవ్వరు, తిరిగీ ఇవ్వరు. ఒకరోజు ఆమె వాడి ముందు కొంగు పరిచింది.

"పనికిరానియంటున్నవు గదా, ఇటియ్యి. తీస్కపోయి పొయిల ఏస్త."

"అవి కంపెనీవి బాయీ."

"పనికిరానియి కంపెనీకెందుకు? వాళ్ళు గూడ పొయిల ఏస్తరా?"

వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. ఆరోజు ఎవరి బీడీలూ పక్కకు పోలేదు. అందుకే 1992లో మా వార్డును ఆడవాళ్ళకు కేటాయించారని తెలిసినప్పుడు గల్లీ అంతా ఆమె గడప ముందు చేరింది. యూనియన్ వాళ్ళు కూడా ఆమెనే నిలబడమన్నారు.

"నిలవడు, నాకేం అడ్డంలేదు. నడిపేటందుకు నేనున్న గదా," అన్నాడు నరసయ్య.

"నాకు కాళ్ళు లెవ్వా?" అంది ఆమె. ఆయన కూడా నవ్వాడు.

నామినేషన్ వేయడానికి నన్ను వెంట తీసుకుపోయింది. నేను పల్లె బడిలో ఏడు దాకా చదివాను. హిందీ నేర్చుకున్నందుకు మరాఠీ అక్షరాలు కూడబలుక్కోగలను. కాగితం నేనే నింపాను, ప్రతిపాదించే ఓటరుగా నేనే సంతకం చేశాను. ఆమె తన పేరు మెల్లగా, ఒక్కో అక్షరం గీసుకుంటూ రాసి, గుమాస్తాను అడిగింది.

"ఇగ మా ఇంటాయన సహీ యాడ వెట్టాలె?"

గుమాస్తా తల ఎత్తకుండానే, నిలబడేది మీరు కదా, మీ సంతకం చాలు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆమె అదే మాట చెప్పుకుంటూ నడిచింది. "నా సహీ ఒక్కటే చాలంట భాగ్యా. ఇన్నవా?"

వినలేదని ఎట్లా అంటాను. కానీ నేను ఆమె చాట గురించి ఆలోచిస్తున్నాను. వారం రోజులుగా అది ఆమె మోకాళ్ళ మీద ఉంది.

మర్నాడు తనే చెప్పింది. మూడో కాన్పులో ఆమెకు రక్తం ఆగలేదు. నాలుగు రోజులు ప్రాణం మీదికి వచ్చింది. ఇంకో కాన్పు వద్దు, ఆపరేషన్ చేయిస్తాం, భర్త సంతకం తెండి అని డాక్టరమ్మ అప్పుడే చెప్పిందట. కొడుకు పుట్టనీ అని మల్లమ్మ అంది. నరసయ్య సంతకం పెట్టలేదు. ఇప్పుడు మళ్ళీ మూడో నెల.

కడుపు తీయించుకుందామని నన్ను తోడు తీసుకుని దవాఖానాకు పోయింది. కిటికీ దగ్గరి నర్సు కాగితం ముందుకు తోస్తూ, "నవర్యాచీ సహీ పాహిజే," అంది. భర్త సంతకం కావాలి.

"నాది చాలదా?" అని చంద్రభాగక్క మరాఠీలో అడిగింది.

నర్సు వెనక ఉన్నామెను పిలిచింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. చంద్రభాగక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

"వార్డు మొత్తానికి నా సహీ చాలన్నరు. నా కడుపుకు చాలదంట." నా చేతి వైపు చూసింది. "నీ రాత మంచిగుంటది గదా. మా ఆయన సహీ నువ్వెట్లనన్న దింపగలుగుతవా?"

తల ఊపాను.

నరసయ్య తెలుగులో సంతకం చేస్తాడు. మొదటి అక్షరానికి తోక పొడుగ్గా లాగి, చివర కింద రెండు చుక్కలు పెడతాడు. ఆయన సంతకం ఉన్న పాత కాగితం చంద్రభాగక్క తెచ్చి ఇచ్చింది. ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కల మీద పెన్నుతో దింపుతూ, దింపినదాన్ని పొయ్యిలో వేస్తూ మూడు రోజులు నేర్చుకున్నాను. మూడోరోజుకు నా చేయి తడబడలేదు. సోమవారం పొద్దున పోవాలనుకున్నాం. ఓటర్ల జాబితా తేవాలని ఇంట్లో చెప్పాం.

శుక్రవారం మధ్యాహ్నం కార్ఖానా నుంచి కొత్త తంబాకు వచ్చింది. గడప ముందు ఎండలో కూర్చున్నాం. చంద్రభాగక్క జల్లెడ ఎత్తింది. ఆ తంబాకు చాలా దుమ్ముగా ఉంది. ఒకసారి జల్లించి ముఖం పక్కకు తిప్పుకుంది. రెండోసారి మోరీ దాకా పోయి కక్కుకుని వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. వచ్చి మళ్ళీ జల్లెడ అందుకుంది.

నేను ఏమీ ఆలోచించలేదు. ఆమె చేతిలోంచి జల్లెడ తీసుకున్నాను. ఆమె తంబాకు నా చాటలోకి ఒంపుకున్నాను. నా ఆకు కట్ట ఆమె ముందు పెట్టాను. పైకి ఒక్క మాట అనలేదు. ఇద్దరం చాలా రోజుల నుంచి అట్లా చేస్తున్నవాళ్ళలాగే కూర్చున్నాం. ఆమె కూడా అలసటలో గమనించలేదేమో, కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

మల్లమ్మ చౌక్‌లోని నల్లా దగ్గరి నుంచి బిందె ఎత్తుకుని వస్తూ ఆగింది. నా చేతిలోని జల్లెడ చూసింది. కోడలి చేతిలోని కత్తెర చూసింది. బిందె కింద పెట్టింది.

"ఎన్నో నెలనే?"

ఆమె నా వైపు తిరిగింది.

"పిల్లా, నిన్నే అడుగుతున్న. ఎన్నో నెల?"

అక్కకు నడుము నొప్పి అని చెప్పొచ్చు. నా ఆకు తొందరగా కావాలని అడిగానని చెప్పొచ్చు. ఇప్పుడు ఎన్నో తోస్తాయి. అప్పుడు నేను తల దించుకున్నాను. మల్లమ్మకు అది చాలు.

ఆమె కోపగించుకోలేదు. కోడలి పక్కన కూలబడి, మోకాళ్ళ మీది చాట తీసి పక్కన పెట్టి, ఆమె పాదాలు తన ఒళ్ళోకి తీసుకుంది. "నాకు జెప్తే నేను జల్లియ్యనా బిడ్డా? పరాయిదాన్నా?" అంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఇంట్లోకి పోయి చక్కెర తెచ్చి గల్లీలో అందరి నోట్లో వేసింది. నా నోట్లో కూడా వేసింది.

చంద్రభాగక్క నా వైపు ఒక్కసారి చూసింది.

సాయంత్రం నరసయ్య పేడాలు తెచ్చాడు. గోడ ఒకటే కాబట్టి మాటలన్నీ వినిపించాయి.

"డాక్టరమ్మ ఏమన్నదో యాదికి లేదా నీకు?"

"డాక్టర్లు అందర్ని గట్లనే బెదిరిస్తరు. ముగ్గుర్ని కన్నవు, ఏమైంది?"

"ఏం గాలేదా? పోయేది నా పాణం గదా."

"నిన్ను ఎలక్షన్ల నిలవడద్దన్ననా నేను? నీ తీరు నేను మన్నిస్తలేనా? గిదొక్కటి నా మాటిను. గిది గూడ ఆడివిల్లనే ఐతే నేనే వచ్చి సహీ జేస్త."

ఆమె ఏమందో వినబడలేదు. కడుపు తీయించుకుంటుందేమోనని సోమవారం ఆయన పనికి పోలేదు. దవాఖానాకు పోయి కిటికీలో ఉన్న నర్సుకు తనే భర్తనని, తను లేకుండా ఏమీ చేయవద్దని చెప్పి వచ్చాడు. ఇక నేను నేర్చుకున్న సంతకానికి విలువ లేదు.

నేను చాలా రోజులు ఆమె ముఖం చూడలేకపోయాను. చాట తీసుకుని లోపలే కూర్చునేదాన్ని. ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నా తంబాకు ఎవరు జల్లియ్యాలె? నువ్వు లోపల దాక్కుంటే?"

"నా వల్లనే అయింది అక్కా."

"నీ వల్లనేంది." ఆకు మీద రేకు ముక్క పెట్టి దాని వెంట కత్తిరిస్తూ అంది. "మీ అవ్వ నీకు మంచి చేసుడు నేర్పింది. దాచుడు నేర్పలే. మా అవ్వ గూడ గంతే."

కడుపుతోనే ఎన్నికల్లో తిరిగింది. గుమ్మం గుమ్మంలో ముసలివాళ్ళు ఆమె పొట్ట మీద చేయి వేసి, కొడుకు పుడతాడు, నువ్వూ గెలుస్తావు అని దీవించారు. ఆమె చేతులు జోడించి, ఓటు మాత్రం నాకే వెయ్యండి, వాడింకా నిలవడలే అనేది. అందరూ నవ్వేవారు. గెలిచింది. గులాలు చల్లి ఊరేగించారు. అందులో నరసయ్య ముందు నడిచాడు, మెడలో దండలు ఆయనకే ఎక్కువ పడ్డాయి.

నగర మహాపాలికలో మొదటి సభ నుంచి వచ్చి నా గడపలోనే కూర్చుంది.

"కుర్చీ మెత్తగున్నది భాగ్యా. కాళ్ళు కిందికేసి కూసుంటే నడుం నొస్తది. బాసిపట్ల వేసుకుంటే ఎట్లుంటదో అని ఊకున్న."

"మాట్లాడినవా?"

"లేచిన. పక్కాయన, బాయీ, మీ మిస్టర్‌ను ఆఫీసుకు పంపుండ్రి, మేం మాట్లాడుకుంటం అన్నడు. నేను కూసోలే. మా గల్లీకి నల్లా గావాలె అని చెప్పే కూసున్న."

నల్లా మంజూరైంది. ఆ తర్వాత ఆమె నా చేత ఇంకొక అర్జీ రాయించింది. దవాఖానాలో ఆడమనిషి కడుపు గురించిన కాగితాల మీద ఆమె సంతకమే సరిపోవాలి, భర్తను తెమ్మని వెనక్కి పంపకూడదు. తెలుగులో రాసి, మరాఠీలోకి మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె నా వెనక నిలబడి, ఇంకా గట్టిగా రాయి, ఇంకా గట్టిగా రాయి అనేది. జూన్ సభలో లేచి చదువుతానంది. చదవడం నేర్చుకుంది కూడా. బీడీలు చుడుతూ, ముందు శాంతను కూర్చోబెట్టుకుని మరాఠీ మాటలు పలికేది. శాంత తప్పులు దిద్దేది.

జూన్ సభకు ఆమె పోలేదు. ఎనిమిదో నెలలో రక్తం కనిపించింది, పడుకోమన్నారు. ఆమె బదులు నరసయ్య ఆఫీసుకు పోయి వస్తున్నాడు. అర్జీ ట్రంకు పెట్టెలోనే ఉంది.

కొత్త నల్లాకు కొబ్బరికాయ కొట్టిన రోజు పొద్దున పదకొండు గంటలకు శాంత పరుగెత్తుకొచ్చింది. "చిన్నమ్మా, అమ్మ చీరంత తడిసింది." నేనూ మల్లమ్మా రిక్షాలో తీసుకుపోయాం. నా భర్త అంబాదాస్ సైకిల్ మీద నరసయ్య కోసం పోయాడు. నల్లా దగ్గర పని అయిపోయి, నరసయ్యను పక్క వార్డు వాళ్ళు భోజనానికి తీసుకుపోయారట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

దవాఖానాలో కాగితం ఇచ్చారు. పొట్ట కోసి పిల్లను తీయాలి, రక్తం ఆగకపోతే గర్భసంచి కూడా తీయాలి. భర్త సంతకం కావాలి.

"నేను అత్తను, నా వేలిముద్ర తీస్కోండ్రి," అంది మల్లమ్మ. చాలదన్నారు.

"ఆమె నగర్‌సేవిక, వార్డు గెలిచినామె," అన్నాను నేను.

"ఎవరైనా సరే," అంది నర్సు. ఆమె ఆ కిటికీ దగ్గరి నర్సు కాదు. ఈమె ముఖంలో కంగారు ఉంది. డాక్టరు అరుస్తుందని ఆమె భయం.

గడియారం కింద కూర్చున్నాం. స్ట్రెచర్ మీద చంద్రభాగక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తోంది. ఎంతసేపైందో, గంట కావచ్చు, అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం అబద్ధం. మొదటి నుంచీ గుర్తుంది. భయపడ్డాను.

"ఆయన కింద ఉన్నడు. సహీ చేయించుక వస్త," అని కాగితం తీసుకున్నాను. మెట్ల మలుపులో గోడకు ఆనించి పెట్టి రాశాను. పొడుగు తోక, కింద రెండు చుక్కలు. చేయి తడబడలేదు. తెచ్చి ఇస్తే నర్సు దాన్ని చూడను కూడా చూడలేదు. అట్టకు గుచ్చి, స్ట్రెచర్ లోపలికి తోసింది.

మల్లమ్మకు రాయడం రాదు. కానీ నేను ఎంత తొందరగా తిరిగి వచ్చానో చూసింది. నా చేయి పట్టుకుంది, వదలలేదు.

ఆడపిల్ల. బతికింది. చంద్రభాగక్క మూడు గంటలకు పోయింది. ఇంకొంచెం ముందు తీసుకొస్తే బాగుండేది అని డాక్టరమ్మ అంది. మేము ముందే తెచ్చామని ఎవరమూ చెప్పలేదు.

నరసయ్య నాలుగు గంటలకు వచ్చాడు. గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు.

పిల్లను మల్లమ్మే పెంచుతోంది. మొదటి రోజుల్లో దూదితో పాలు తాగించింది. కొడుకు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. చాలా నెలలు ఆ పిల్లను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఖాళీ అయిన కుర్చీకి మళ్ళీ ఎన్నిక జరిగింది. నరసయ్య తన తమ్ముడి భార్యను నిలబెట్టాడు. కాగితం నింపమని నా దగ్గరికి వచ్చాడు.

"నాతోని గాదు బావా," అన్నాను. వేరే ఎవరో నింపారు. ఆమె గెలిచింది. ఆమె కాగితాల మీద ఆయనే సంతకాలు పెడతాడు.

మరుసటి ఏడు యూనియన్ ఆఫీసులో ఆడవాళ్ళ సభ పెట్టారు. పుణె నుంచి ఒక వకీలమ్మ వచ్చింది. గర్భం తీయించుకోవడానికి పెళ్ళయిన ఆడదానికి భర్త సంతకం అవసరం లేదని, చట్టం ఇరవై ఏళ్ళ కిందటే ఆమె సంతకం చాలందని చెప్పింది. దవాఖానాల వాళ్ళు తమ భయం కొద్దీ అడుగుతారంది. అడిగితే ఈ మాట చెప్పండి అంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను వెనక వరుసలో ఉన్నాను. ఆకు ముక్కల మీద నేను నేర్చుకున్న ఆ మూడు రోజులు గుర్తొచ్చాయి. లేచి బయటికి వచ్చి గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు చంద్రభాగక్క కూర్చునేచోట శాంత కూర్చుంటుంది. బడి మాన్పించారు. చేయి తొందరగానే తిరిగింది, తల్లిలాగే మాట్లాడుతూ చుడుతుంది. తల్లి అర్జీని పెట్టెలోంచి తీసి తన పుస్తకాల మధ్య పెట్టుకుంది. నేను చూశాను.

నిన్న తంబాకు తెచ్చాను. గడప ముందు ఎండలో కూర్చుని జల్లెడ ఎత్తాను. దుమ్ము లేచింది. ముఖం పక్కకు తిప్పుకున్నాను. అప్పుడు చూసుకున్నాను, నా చాట మోకాళ్ళ దాకా జరిగి ఉంది. ఎన్ని రోజులైందో.

శాంత కూడా చూసింది. ఆమె చేయి నా జల్లెడ మీదికి వచ్చింది. "చిన్నమ్మా, ఆకు..."

నేను జల్లెడ గట్టిగా పట్టుకున్నాను.

"వద్దు బిడ్డా. ఉంచుకోవాల్నో వద్దో నేనింకా అనుకోలే."

శాంత చేయి అక్కడే కొంచెంసేపు ఉండి వెనక్కి పోయింది. నల్లా దగ్గర బిందె చప్పుడైంది. మల్లమ్మ పిల్లను చంకనెత్తుకుని వస్తోంది. శాంత తన పీట ఎత్తి, నాకూ దారికీ మధ్యకు జరిగి కూర్చుంది. ఆమె వీపు వెనక నేను నా తంబాకు జల్లించుకున్నాను. దుమ్ముకు కళ్ళలోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి.